చెయ్యి ఇవ్వండి

"చెయ్యి ఇటివ్వండి," అన్నాడతను.

ఆమె ఇచ్చింది. అతను మోచేతికి పైన రబ్బరు పట్టీ బిగించాడు. దూదితో తుడిచాడు. సూది మూత తీస్తూ, మాటవరసకి అడిగినట్టు అడిగాడు.

"పొద్దున్నుంచి ఏమీ తినలేదుగా?"

"లేదండి."

"తాగలేదుగా?"

"కాఫీ తాగాను. అది తినడం కాదుగా."

సూది గాల్లో ఆగింది. "పంచదార వేసుకున్నారా?"

"పంచదార లేకపోతే దాన్ని కాఫీ అనరండి, కషాయం అంటారు."

అతను సూదికి మళ్ళీ మూత పెట్టేశాడు. పట్టీ విప్పేశాడు. "రేపు రండి."

"రేపా? ఒక్క గుక్క కాఫీకి ఇంత శిక్షా?"

"గుక్కా, గ్లాసా?"

ఆమె ఒక క్షణం తటపటాయించింది. "గ్లాసే."

ల్యాబులో వెనక బెంచీ మీద ఎవరో కిసుక్కుమన్నారు. ఆమెకి ఒళ్ళు మండింది. షాపులో బతిమాలుకుని రెండు గంటల పర్మిషన్ తెచ్చుకుంది. ఇంటినుంచి బస్సులో నిలబడి వచ్చింది. ఇప్పుడు ఇదంతా రేపు మళ్ళీ మొదటినుంచి.

"చెయ్యి ఇమ్మన్నారు, ఇచ్చాను. చివరికి నాకే చెయ్యిచ్చారు," అంది లేస్తూ.

ఈసారి బెంచీలన్నీ నవ్వాయి. అతను మాత్రం నవ్వలేదు. కళ్ళజోడు ముక్కు మీదికి జారితే పైకి తోసుకున్నాడు. అది మళ్ళీ జారింది. పైగా ఎడమవైపు ఎత్తుగా, కుడివైపు పల్లంగా ఉంది. కళ్ళజోళ్ళ షాపులో రోజంతా ఫ్రేములు సరిచేసే మనిషికి ఆ వంకర చూస్తే, అతను రేపు రమ్మన్నదానికంటే ఎక్కువ చిరాకేసింది.

"మీ కళ్ళజోడు వంకరగా ఉంది," అని చెప్పి మరీ వెళ్ళింది.

*

షాపులో ఆమెని అందరూ లెన్సమ్మ అంటారు. ముప్ఫై ఏళ్ళు. వచ్చినవాళ్ళ కళ్ళు కొలవడం, అద్దాలు ఫ్రేములో కూర్చోబెట్టడం, చెవి వెనక నొప్పంటే కాడ వంచి సరిచేయడం ఆమె పని. అందరి చూపూ చక్కదిద్దే లెన్సమ్మ తన ఒంటి సంగతి మాత్రం చాలాకాలం చూడనట్టే వదిలేసింది.

నెలసరి మూడు నెలలకోసారి, ఒక్కోసారి అయిదు నెలలకోసారి. గడ్డం కింద మొండి వెంట్రుకలు. అద్దెకొచ్చినవాళ్ళు ఖాళీ చెయ్యం అంటున్నట్టు నడుం చుట్టూ బరువు. మధ్యాహ్నం భోంచేస్తే చాలు, ఆవలింతలు. "లావు తగ్గితే అవే సర్దుకుంటాయి," అన్నారు అందరూ. ఎలా తగ్గాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. లెన్సమ్మ పస్తులుండేది. రెండు రోజులుండి, మూడో రోజు మూడు రోజులదీ కలిపి తినేది.

చివరికి ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. ఆవిడ జుట్టు నెరిసిన మనిషి, మాట కొంచెం కటువు.

"దీన్ని పీసీఓఎస్ అంటారు. పేరులో ఓవరీ, అంటే అండాశయం, ఉందని అందరూ అక్కడే చూస్తారు. నేను ఒళ్ళంతా చూస్తాను. బీపీ, కొవ్వు, షుగరు అన్నీ. మీ అమ్మకి షుగరు ఉందా?"

"ఉండేదండి. దానితోనే పోయింది."

డాక్టరమ్మ కలం ఆగింది. "అయితే గ్లూకోజు తాగించి చూడాల్సిందే. రెండు గంటల పరీక్ష. ఇంకోటి, పస్తులుండకు. మాడితే తగ్గేదయితే నువ్వు నా దాకా వచ్చేదానివే కాదు."

ఆ పరీక్షకే లెన్సమ్మ కాఫీ తాగి వెళ్ళింది.

*

మర్నాడు వాళ్ళ నాన్న కూడా వెంట వచ్చాడు. రిటైరైన బస్సు డ్రైవరు. భార్య పోయి నాలుగేళ్ళయినా వంటింట్లో ఆవిడ గిన్నెలు ఆవిడ పెట్టిన చోటే ఉంచే మనిషి. కూతురితో ఎక్కడికెళ్ళినా చంకలో పేపరొకటి పెట్టుకుంటాడు.

"తాగలేదు, తినలేదు, ఉమ్ము కూడా మింగలేదు," అంది లెన్సమ్మ కుర్చీలో కూర్చుంటూనే.

నిన్నటి వంకర కళ్ళజోడతను కుడి చెయ్యి చూశాడు. నరం దొరకలేదు. రెండో చెయ్యి చూశాడు. గుచ్చి వెతుకుతాడేమోనని ఆమె కళ్ళు మూసుకుంది. ఎంతసేపటికీ సూది దిగలేదు. కళ్ళు తెరిచేసరికి మోచేతి కింద ఏదో వెచ్చగా ఉంది. వేడినీళ్ళ సంచీ.

"చలికి నరాలు లోపలికి పోతాయండి. అయిదు నిమిషాలు ఉంచితే అవే పలుకుతాయి."

అవే పలికాయి. సూది దిగినట్టే తెలియలేదు. తరవాత గ్లాసెడు గ్లూకోజు నీళ్ళు తెచ్చాడు. ఆ తీపికి కడుపులో తిప్పుతుందని అందరూ భయపెట్టారు. గ్లాసు చల్లగా ఉంది. నిమ్మకాయ వాసన వచ్చింది.

"నిమ్మకాయ పిండచ్చా?"

"కొంచెం పిండచ్చండి. మెల్లగా తాగండి, కానీ అయిదు నిమిషాల్లో అయిపోవాలి. గంటకోసారి రక్తం తీస్తాను. ఈ రెండు గంటలూ లేవకూడదు, నడవకూడదు."

బల్ల మీద పిల్లల బొమ్మలాంటి చిన్న గడియారం తిప్పి పెట్టాడు. అది టిక్కుటిక్కుమంటూ వెనక్కి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

నిన్న బెంచీల ముందు అన్నేసి మాటలన్న మనిషికి నిమ్మకాయ పిండి ఇచ్చాడు. లెన్సమ్మకి కొంచెం సిగ్గేసింది.

"నాకు షుగరు వచ్చేసుంటుందా?" అని అడిగింది.

"అది డాక్టర్ గారినే అడగండి."

"ఈ పరీక్ష తప్పితే ఏమవుతుంది?"

"అది డాక్టర్ గారినే అడగండి."

"బయట వాన పడేలా ఉందా?"

"అది డాక్..." అని నాలిక కరుచుకున్నాడు.

అప్పుడు నవ్వాడు. నవ్వితే కళ్ళజోడు మళ్ళీ జారింది. లెన్సమ్మ ఇక ఆగలేకపోయింది. "ఇటివ్వండి," అని లాక్కుని, కాడ కొనని వేడినీళ్ళ సంచీకి ఆనించి మెత్తబడ్డాక వంచింది. రెండోదీ వంచింది. బల్ల మీద పెట్టి నాలుగు మూలలూ ఆనాయో లేదో చూసింది. తనే అతని చెవుల మీద పెట్టింది.

"ఇప్పుడు లోకం సమంగా ఉందా?"

"చాలా," అన్నాడు ఆమెనే చూస్తూ.

నాన్న పేపరు తిప్పాడు.

ఆ రోజునుంచి లెన్సమ్మ లెక్కలో అతని పేరు అడగండి గారు.

*

"షుగరు ఇంకా రాలేదు," అంది డాక్టరమ్మ రిపోర్టు చూసి. "గుమ్మం దాకా వచ్చి నిలబడింది. లోపలికి రానివ్వకుండా చూడటం చాలావరకు మన చేతుల్లోనే ఉంది. రోజూ బిళ్ళ వేసుకో, అన్నం మధ్యలో. మొదట్లో కడుపు గడబిడ చేస్తుంది, భయపడకు. తిన్నాక పావుగంట నడువు. వారానికి రెండుసార్లు బరువులెత్తు. నీళ్ళ డబ్బాలైనా సరే. ఒంట్లో అయిదు కిలోలు తగ్గినా మార్పు కనిపిస్తుంది. ఆరు నెలల తరవాత మళ్ళీ ఇదే పరీక్ష. ఎగ్గొట్టావో, నేనే నీ షాపుకొస్తాను."

డాక్టరమ్మ రాలేదు గాని, వారం తిరక్కుండా అడగండి గారు వచ్చాడు.

"కొత్త అద్దాలు కావాలండి."

"పాతవాటికేం?"

"ఏం లేదండి. కొత్తవి కావాలి."

అద్దాలు చెయ్యాలంటే రెండు కనుపాపల మధ్య దూరం కొలవాలి. అది కొలవాలంటే ఎదురెదురుగా మూరెడు దూరంలో కూర్చుని కళ్ళలోకి సూటిగా చూడాలి. రోజుకి ఇరవైమందికి కొలుస్తుంది లెన్సమ్మ. ఏనాడూ రెండోసారి కొలవాల్సిన పని పడలేదు.

"నా ఎడమ కన్ను చూడండి," అంది స్కేలు అతని ముక్కు మీద ఆనించి.

చూశాడు.

"ఇప్పుడు నా కుడి కన్ను."

చూశాడు.

"ఎంతండీ?" అన్నాడు రెప్ప వెయ్యకుండా.

ఆమె అంకె మర్చిపోయింది. మళ్ళీ కొలిచింది. మూడోసారి కొలుస్తుంటే, షాపు ఓనరమ్మ గల్లా దగ్గర నుంచి, "ఆయన కళ్ళు రెండేనే! ఎన్నిసార్లు కొలుస్తావ్?" అంది.

అతను పనిచేసే చోటు అదే వీధిలో ఉంది. మధ్యాహ్నం భోజనం కాగానే లెన్సమ్మ నడవడానికి బయల్దేరితే, మూలమీద పోస్టు డబ్బా దగ్గర అతను నిలబడి ఉండేవాడు. మొదటి రోజు అది కాకతాళీయం. రెండో రోజు నుంచి ఇద్దరూ దాన్ని కాకతాళీయమనే అనుకున్నారు. పోస్టు డబ్బా నుంచి వంతెన దాకా, వంతెన నుంచి పోస్టు డబ్బా దాకా, సరిగ్గా పావుగంట.

వాన పడితే ఒకే గొడుగు. అతని అద్దాలకి ఆవిరి పడితే ఆమె జేబులోంచి మెత్తటి గుడ్డ తీసి తుడిచేది. తుడుస్తున్నంతసేపూ అతనికి ఏమీ కనిపించేది కాదు కాబట్టి, ఆ కాసేపు ఆమె అతన్ని తనివితీరా చూసేది.

మూడో నెలలో నెలసరి తేదీకి వచ్చింది. నాలుగో నెలలో కూడా. భోజనం తరవాత ఆవలింతలు తగ్గాయి. బెల్టు ఒక బెజ్జం లోపలికి జరిగింది. ఇవేవీ అతనితో చెప్పలేదు. చెప్పేదేముంది, రక్తం తీసినవాడు, రిపోర్టులో అన్నీ చూసే ఉంటాడు, అన్నీ తెలిసే పక్కన నడుస్తున్నాడు అనుకుంది. ఆ అనుకోవడంలోనే ఆమెకి పెద్ద ధైర్యం ఉండేది.

*

అయిదో నెలలో ఆ ధైర్యం ఒక్క మాటతో పోయింది.

అంతకు ఏడాది ముందు లెన్సమ్మకి ఒక సంబంధం దాదాపు ఖాయమైంది. దాచకూడదని తన నెలసరి సమస్య తనే చెప్పింది. అబ్బాయి తండ్రి కాఫీ కప్పు కింద పెట్టి, "దానిదేముందమ్మా, మా డాక్టర్ గారిని ఒకసారి అడిగి చెప్తాం," అన్నాడు. "ఇంకా అడుగుతూనే ఉన్నారు, పాపం ఆ డాక్టరుకి తీరిక లేదేమో," అని లెన్సమ్మ నవ్వుతూ చెప్పేది. నవ్వుతూనే చెప్పేది గాని, ఆ మాట లోపల ముల్లులా ఉండిపోయింది.

ఆ మధ్యాహ్నం వంతెన మీద గాలి బాగా వీస్తోంది. పొద్దున్నే చిన్నప్పటి స్నేహితురాలు చంటిబిడ్డ ఫొటో పంపింది. లెన్సమ్మ మనసు మనసులో లేదు.

"ఒకటడుగుతాను, నిజం చెప్పాలి," అంది.

"అడగండి."

"మీరు నా రిపోర్టు చూశారు. నా గురించి అన్నీ తెలుసు. నాలాంటిదాన్ని ఎవరైనా పెళ్ళి చేసుకుంటారా?"

రోజుకి నలభైమందికి, ఏళ్ళ తరబడి చెప్పి చెప్పి అరిగిపోయిన మాట. 'రిపోర్టు' అనే శబ్దం చెవిన పడగానే, మనసుకంటే ముందు అతని నాలిక కదిలింది.

"అది డాక్టర్ గారినే అడగండి."

అన్నాక అతనికే తెలిసింది ఏమన్నాడో. "అయ్యో, కాదండీ, నేను..."

లెన్సమ్మ అప్పటికే వంతెన దిగింది. ఎదురుగా ఏ బస్సొస్తే అది ఎక్కేసింది. అది ఎటు పోతుందో కూడా చూడలేదు.

తరవాత అతను రెండుసార్లు షాపుకొచ్చాడు. రెండుసార్లూ ఆమె అద్దాలు సానపట్టే మిషను వెనక కూర్చుంది. "లేదు బాబూ, బయటికెళ్ళింది," అంది ఓనరమ్మ, మిషను వెనక నుంచి కనిపిస్తున్న చెప్పులు చూస్తూ.

లెన్సమ్మ నడక మానేసింది. బిళ్ళ ఒక రోజు మర్చిపోయింది, రెండో రోజు కావాలనే మర్చిపోయింది. పరీక్ష తేదీ వచ్చింది, వెళ్ళలేదు.

*

"ఈ అట్టలో బిళ్ళలు తగ్గట్లేదేం తల్లీ?" అన్నాడు నాన్న ఒకరోజు పొద్దున్న.

"వేసుకుంటున్నాను నాన్నా."

"నేనూ లెక్కపెడుతున్నాను."

ఆయన వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. చాలాసేపు బిళ్ళల అట్టని అటూ ఇటూ తిప్పాడు.

"మీ అమ్మ కాళ్ళు తిమ్మిర్లంటే నేను మందు రాసి పడుకోమనేవాణ్ణి. పరీక్షకి పద అంటే 'రేపెళ్దాంలే' అనేది. సరే అనేవాణ్ణి. ముప్ఫై ఏళ్ళ కాపురంలో మీ అమ్మని ఒక్కసారి కూడా కసురుకోలేదని గొప్పగా చెప్పుకునేవాణ్ణి." ఆయన అట్టని ఆమె ముందు పెట్టాడు. "ఒక్కసారి కసురుకునుంటే బాగుండేదమ్మా."

"నాన్నా..."

"ఆ అబ్బాయి మీద కోపం ఆ అబ్బాయి మీద చూపించు. నీ ఒళ్ళేం చేసింది నిన్ను? రేపు ఏడున్నరకి తయారుగా ఉండు. కాఫీ తాగావంటే ఊరుకోను."

అది ఆయన జీవితంలో మొదటి కసురు. అలవాటు లేక చివర్లో గొంతు వణికింది. ఆ వణుకుకే లెన్సమ్మ లొంగిపోయింది.

ఆ సాయంత్రమే డాక్టరమ్మ దగ్గరికెళ్ళి, బిళ్ళలు మానేసిన సంగతి ఒప్పుకుని, తిట్లు తిని, చివరికి తను ఏడాదిగా అడగలేకపోయిన ప్రశ్న కూడా అడిగేసింది.

*

"చెయ్యి ఇటివ్వండి," అన్నాడు అడగండి గారు. ముఖంలోకి చూడలేదు. ఆమె రాక ముందే వేడినీళ్ళ సంచీ సిద్ధంగా ఉంది.

మొదటి రక్తం తీశాడు. నిమ్మకాయ పిండిన గ్లాసు ఇచ్చాడు. గడియారం తిప్పాడు. గంటకి రెండోసారి తీశాడు. మూడు కుర్చీల అవతల నాన్న పేపరు వెనక ఉన్నాడు. గది మెల్లగా ఖాళీ అయింది. అప్పుడు అతను ఒక స్టూలు లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"ఆ రోజు నాలిక జారింది."

"జారలేదు. రిపోర్టు చూసిన మనిషి అనాల్సిన మాటే అన్నారు."

"నేను ఎవరి రిపోర్టూ చూడనండి."

లెన్సమ్మ తలెత్తింది.

"ట్యూబు మీద నంబరుంటుంది. అది లోపల మిషనుకి వెళ్తుంది. కాయితం డాక్టర్ గారికి వెళ్తుంది. నా దాకా ఏదీ రాదు. డాక్టర్ గారిని అడగండి అని ఎందుకంటాననుకున్నారు? నాకు నిజంగా తెలీదు కాబట్టే!"

"అయితే ఇన్నాళ్ళూ నా గురించి మీకేం తెలుసు?"

అతను వేళ్ళు ముడిచి లెక్కపెట్టాడు. "కుడి చేతి నరం లోపలికుంటుంది, ఎడమది మంచిది. వంకరగా ఉన్నది ఏదీ చూడలేరు. నడిచేటప్పుడు వంతెన దగ్గరికి రాగానే మెల్లగా నడుస్తారు, తిరిగి వెళ్ళాల్సి వస్తుందని. అబద్ధం చెప్పలేరు, కాఫీ విషయంలో కూడా. అంతే."

లెన్సమ్మ అతని ముడిచిన వేళ్ళకేసి చూసింది. అన్నీ తెలిసి పక్కన నడుస్తున్నాడనుకుంది. ఏమీ తెలియకుండానే నడిచాడు. ఏది ఎక్కువో తేల్చుకోలేకపోయింది.

"అయితే వినండి," అంది చివరికి. "సరిపోని అద్దం పెట్టుకున్నవాడు కళ్ళు చిట్లించి చిట్లించి చూస్తాడు చూడండి. కనిపిస్తుంది, కానీ తలనొప్పి. నా ఒళ్ళూ అంతే. ఇన్సులిన్ చెప్పే మాట దానికి సరిగ్గా వినపడదు. అందుకని ఒళ్ళు ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది. ఆ ఎక్కువే మిగతా తిప్పలన్నిటికీ సగం కారణం. బిళ్ళా, నడకా కళ్ళజోడు లాంటివి. పెట్టుకున్నంతకాలం చూపు బాగుంటుంది. తీసి పారేస్తే మళ్ళీ మామూలే. ఇది జీవితాంతం చూసుకోవాల్సిందే."

"పెట్టుకుంటే పోలా," అన్నాడతను, తన కళ్ళజోడు సర్దుకుంటూ. "నేను ఆరో క్లాసు నుంచీ పెట్టుకుంటున్నాను."

"ఇంకోటుంది. పిల్లల సంగతి డాక్టర్ గారిని అడిగాను, మీరు చెప్పినట్టే. చాలామందికి పుడతారట, కొందరికి మందు సాయం కావాలట. 'పుడతారని సంతకం మాత్రం పెట్టివ్వను, లోకంలో ఎవరికీ ఎవరూ పెట్టివ్వరు' అన్నారు."

అతను తల ఊపాడు. వెంటనే ఏమీ అనలేదు. ఆలోచించినట్టు కనిపించకూడదని తొందరపడి అనే మాటకంటే, ఆ ఊరుకోవడమే ఆమెకి నచ్చింది.

"సంతకం నాకూ వద్దండి," అన్నాడు కాసేపటికి.

గడియారంలో ఇంకా పదకొండు నిమిషాలున్నాయి. లెన్సమ్మ ఊపిరి తీసుకుంది.

"అయితే ఇప్పుడడుగుతున్నాను. రోజూ భోంచేశాక ఒక పావుగంట, జీవితాంతం, నాతో నడుస్తారా?"

అతను నోరు తెరిచాడు.

"బాబూ," అంది పేపరు వెనక నుంచి నాన్న గొంతు. "అది డాక్టర్ గారినే అడగాలి అన్నావంటే మాత్రం, ఈ పేపరు చుట్టి నెత్తిమీద ఒకటిస్తాను."

లెన్సమ్మ రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. అడగండి గారు లేచి నిలబడ్డాడు. కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు.

"అడగక్కర్లేదండి. నడుస్తాను. ఇప్పుడే నడుస్తాను."

"ఇప్పుడెలా నడుస్తారు?" అంది ఆమె వేళ్ళ సందుల్లోంచి. "రెండు గంటలయ్యేదాకా లేవకూడదు, నడవకూడదు. మీ రూలే."

కాబట్టి నడవలేదు. మిగిలిన నిమిషాలన్నీ ఎదురెదురుగా కూర్చుని గడియారం వెనక్కి లెక్కపెడుతుంటే విన్నారు. అంకెలు ఎలా వస్తాయో డాక్టరమ్మ చెప్పాలి. మానేసిన మూడు వారాలూ ఎక్కడో ఒకచోట కనిపించకపోవు. అయినా లెన్సమ్మకి ఆ రోజు అంకెల భయం అంతగా వెయ్యలేదు.

గడియారం మోగింది.

"చెయ్యి ఇవ్వండి," అన్నాడతను.

"దేనికి?"

"ముందు రక్తానికి."

"భయపడకు బాబూ," అన్నాడు నాన్న. "మా అమ్మాయి చెయ్యిచ్చే రకం కాదు."

ఆమె ఎడమ చెయ్యి చాపింది. సూది ఎప్పుడు దిగిందో, ఎప్పుడు వచ్చేసిందో తెలియలేదు. దూది పెట్టి, ఒక్క నిమిషం గట్టిగా నొక్కి పట్టుకోమని రోజూ నలభైమందికి చెప్పే మనిషి, ఈసారి ఎవరికీ ఏమీ చెప్పలేదు. తనే పట్టుకున్నాడు.

నిమిషం అయిపోయింది. రెండో నిమిషం కూడా అయిపోయింది.

నాన్న, చదవని పేజీని మెల్లగా తిప్పాడు.